.32 లాంగ్ తూటా: మిర్యాలగూడ మిల్లువాడి రివ్యూ

తుపాకీ లైసెన్సు చేతికొచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే, ఏ బోరు, అంటే గొట్టం ఎంత వెడల్పుది, తీసుకోవాలి అని. మా మిర్యాలగూడ మిల్లర్లలో ఈ మాట వచ్చిందంటే చివరికి నా దగ్గరికే పంపిస్తారు. యాసంగి వడ్లు దిగే రోజుల్లో రైతులకు, హమాలీలకు అంతా నగదే ఇవ్వాల్సిన కాలంలో రివాల్వర్ తీసుకున్నాను నేను. ఫోన్‌పే వచ్చాక నగదు తగ్గింది, టెన్షన్ కూడా తగ్గింది. రివాల్వర్ మాత్రం ఉంది. దాని గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. లోపల పెట్టే తూటా గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను దాని గురించే రాస్తున్నాను.

తూటా పేరు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. స్మిత్ అండ్ వెసన్ అంటే అమెరికా తుపాకుల కంపెనీ. మన సర్కారు కాగితాల్లో 7.65 ఎంఎం అని కూడా కనిపిస్తుంది. మొదటి డబ్బా ఇంటికి తెచ్చిన రోజు మా బామ్మర్ది ఒకటి అరచేతిలో వేసుకుని, "ఏంది బావా, గింతే ఉన్నది? దీనితోని పిట్ట గూడ సావదు" అన్నాడు. వాడికి తెలిసినవన్నీ సినిమా తూటాలు.

నిజానికి చూడటానికి చిన్నదే. మొత్తం పొడవు మూడు సెంటీమీటర్ల పైన కాస్త. అడుగున అంచు సెంటీమీటరుకు కొంచెం తక్కువ. ఇత్తడి గొట్టం, దాని మూతిలో బిగించిన బూడిదరంగు సీసపు గుండు. కొత్తదైతే గుండు మొదట్లో మైనం జిడ్డు వేలికి అంటుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల మందు కదిలే చప్పుడు సన్నగా వినిపిస్తుంది. గొట్టం నిండా మందు లేదన్నమాట. తక్కువ పోసి మోసం చేశారనుకోకండి, దాని వెనక ఒక కథ ఉంది.

ఈ తూటా 1896లో పుట్టింది. అంతకు ముందే, 1878 నుంచి, ఇదే వెడల్పులో పొట్టి .32 ఉండేది. దాన్నే సాగదీసి లాంగ్ చేశారు. అప్పట్లో పాతకాలపు నల్లటి తుపాకీమందు వాడేవాళ్లు. అదే బలం రావాలంటే ఆ నల్లటి మందు ఎక్కువ పట్టాలి, అందుకే గొట్టం అంత పొడుగు. తర్వాత పొగరాని మందు వచ్చింది, చిటికెడు వేస్తే చాలు. కానీ గొట్టం కొలత మారిస్తే అప్పటికే జనం చేతుల్లో ఉన్న రివాల్వర్లన్నీ మూలనపడతాయి. పైగా ఆ పాత రివాల్వర్ల ఇనుము ఎక్కువ ఒత్తిడికి తట్టుకోదు. అందుకని ఫ్యాక్టరీలు ఈనాటికీ దీన్ని మెత్తగానే నింపుతాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం దీని ఒత్తిడి హద్దు 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 9 ఎంఎం తూటాకు 35,000. తేడా అక్కడే ఉంది.

ఒక ముచ్చట చెప్పాలి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ అప్పట్లో న్యూయార్క్ పోలీసు కమిషనర్. తలా ఒక రకం ఆయుధం వేసుకు తిరిగే పోలీసులకు ఒకటే రివాల్వర్ ఉండాలని 1896లో కోల్ట్ కంపెనీ .32 రివాల్వర్‌ను ఇప్పించాడు. కోల్ట్‌వాళ్లు తమ రివాల్వర్ల తూటా మీద పోటీ కంపెనీ పేరు ఉంచుతారా? గుండు ముక్కు కాస్త చదును చేసి ".32 కోల్ట్ న్యూ పోలీస్" అని పేరు పెట్టుకున్నారు. తూటా కొలతలు మాత్రం అవే. ఎక్కడైనా వ్యాపారం వ్యాపారమే. మా దగ్గర ఒకే మిల్లు బియ్యం మూడు బ్రాండ్ల సంచుల్లో పోవడం లేదా?

ఇక బలం సంగతి. బామ్మర్ది అన్నదాంట్లో కొంత ఉంది. గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే 6 గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు 220 మీటర్ల అటు ఇటు. 9 ఎంఎం శక్తిలో మూడో వంతు. అయితే 9 ఎంఎం మనకు ఎలాగూ ఇవ్వరు, అది ప్రొహిబిటెడ్ బోరు. మామూలు మనిషికి మన దేశంలో దొరికే రివాల్వర్లలో ఎక్కువ .32వే. దొరికేది ఇదే కాబట్టి దీన్ని పొగుడుతున్నాననుకునేరు. కాదు. అన్నీ ముందు పెట్టి ఏరుకోమన్నా నేను దీన్నే ఏరుకుంటాను.

ఎందుకంటే ఇది చెయ్యిని తన్నదు. పెద్ద తూటా పేలే ముందే చెయ్యి బెదురుతుంది, కళ్లు మూసుకుపోతాయి, గురి నేలలోకి దిగుతుంది. షూటింగ్ రేంజ్‌లో పెద్ద బోరు పట్టుకున్న కుర్రాళ్లను చూస్తుంటాను. మొదటి రెండు గుండ్లు బాగానే పోతాయి, మూడో దానికి భుజం ముందే బిగుసుకుంటుంది. .32 లాంగ్‌తో ఆ బాధ లేదు. పేలినప్పుడు మూతి కొంచెం లేస్తుంది, వెంటనే దిగుతుంది. షుగరు, మెడనొప్పి ఉన్న నా లాంటివాడు కూడా పూటంతా కాల్చి, కారు తోలుకుంటూ నార్కట్‌పల్లి మీదుగా ఇంటికి వచ్చేయొచ్చు. చెయ్యి నొప్పి లేకపోతే మళ్లీ రేంజ్‌కు పోబుద్ధవుతుంది. అలా పోతుంటేనే గురి కుదురుతుంది.

గురి మాటకు వస్తే ఈ తూటాను చిన్నచూపు చూసేవాళ్లు ఒకసారి 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీ చూడాలి. ప్రపంచస్థాయి షూటర్లలో ఎక్కువమంది ఆ పోటీకి వాడేది .32 లాంగే, కాకపోతే వాడ్‌కట్టర్ రకం. అందులో గుండుకు ముక్కు ఉండదు. చదునుగా, గొట్టం అంచుకు సమంగా లోపలికి కూర్చుని ఉంటుంది. మన జస్పాల్ రాణా ఆ పోటీలో 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. 2006 దోహాలో మళ్లీ స్వర్ణం, అదీ 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి.

నేను కాల్చేది మామూలు గుండ్రటి ముక్కుదే. రెండింటి చిల్లులు పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. గుండ్రటిది కాగితాన్ని చీల్చుకుంటూ పోతుంది, అంచులు లోపలికి మడుచుకుపోయి, చుట్టూ సీసం రాసుకున్న బూడిదరంగు వలయం మిగులుతుంది. వాడ్‌కట్టర్ పంచింగ్ మిషన్‌తో కొట్టినంత శుభ్రంగా చిల్లు వేస్తుంది. గుండు టార్గెట్ గీతను తాకిందా లేదా అని పాయింట్లు లెక్కపెట్టేవాడికి గొడవే ఉండదు. దిగుమతి సరుకు కాబట్టి అది పోటీలకు పోయేవాళ్ల వ్యవహారం. మనకు గుండ్రటిది చాలు.

బరువు తక్కువ రివాల్వర్లలో ఈ తూటా గుణం ఇంకా బాగా తెలుస్తుంది. కాన్పూర్ ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ అరకిలో ఉంటుంది, అప్పటి ధర 1.22 లక్షల పైన. అంత తేలికదాంట్లో పెద్ద తూటా పెడితే మణికట్టు పట్టేస్తుంది. .32 కాబట్టి సరిపోయింది. 2023లో అక్కడి నుంచే వచ్చిన ప్రబల్ 700 గ్రాములు, తూటాలు పెట్టే చక్రం పక్కకు తెరుచుకునే రకం. నాది పాత పద్ధతిది, బొటనవేలితో మీట నొక్కితే నడుము దగ్గర విరిగి ముందుకు వంగుతుంది, ఆరు ఖాళీ గొట్టాలూ ఒకేసారి పైకి లేస్తాయి. నాకు ఇదే ఇష్టం. ఇంకా చిన్నది కావాలని .22 అడిగేవాళ్లుంటారు. దాంట్లో నిప్పు అంటించే రసాయనం అంచులో ఉంటుంది, పేలకుండా మొరాయించడం అందులోనే ఎక్కువ. .32కు అది నడుమ బుడిపెలో ఉంటుంది, నమ్మకం ఎక్కువ. ఒకవేళ పేలకపోయినా రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే పక్క తూటా వస్తుంది. రేంజ్‌లో అయితే అలా నొక్కకూడదు. మూతి గురివైపే ఉంచి కాసేపు ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

మిల్లులో పెట్టుకునేవాళ్లకు ఒక సంగతి. దుమ్ము, తవుడు, తేమ మూడూ మన శత్రువులు. తోలు పౌచ్‌లో నెలల తరబడి తూటాలు వదిలేస్తే ఇత్తడికి పచ్చ చిలుము పడుతుంది, తోలు పదును చేసిన మందుల వల్ల. వాడని రోజుల్లో డబ్బాలోనే ఉంచి బీరువాలో పెట్టాలి. సీసపు గుండు కాల్చాక రివాల్వర్ గొట్టంలో సీసం అంటుకుంటుంది. ఇత్తడి బ్రష్ తోసి, నూనె రాసిన ఫ్లానెల్ గుడ్డ లాగితే మొదటి గుడ్డ నల్లగా వస్తుంది, రెండోది బూడిదరంగు. తెల్లగా వచ్చేదాకా లాగండి, సోమరితనం వద్దు.

ఇక నా కోపాలు. సరుకు దొరకడం మొదటి కోపం. హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోతే "వచ్చే వారం రండి సేట్" అంటారు. వచ్చే వారం పోతే మళ్లీ వచ్చే వారం. ఒకసారి దొరికిన డబ్బా విప్పితే గుండ్ల మీద తెల్లటి పొడి. "తుడిస్తే పోతది సేట్" అన్నాడు. తుడిస్తే పోయిన మాట నిజమే, పేలాయి కూడా. కానీ పాత సరుకుకు కొత్త ధర ఎందుకు కట్టాలి? మా కొట్టులో పురుగు పట్టిన బియ్యం చూపించి "చెరిగితే పోతది" అంటే ఊరుకుంటారా?

రెండోది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా రివాల్వర్ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడం. 2023 అసెంబ్లీకి ఇచ్చి, మళ్లీ తెచ్చుకుని, 2024 లోక్‌సభకు మళ్లీ ఇచ్చాం. అది తూటా తప్పు కాదు గానీ ఈ ఆయుధం కొనేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

దీన్ని దేనికి కొనొద్దో కూడా చెప్తాను. దేవరకొండ వైపు బంధువులు పల్లికాయ చేన్లో అడవిపందుల బాధ పడలేక అడుగుతారు. దీనితో పందిని కొడితే అది చావదు, మీ మీదికి వస్తుంది. పైగా వన్యప్రాణి చట్టం వేరే తలనొప్పి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చమనేవాళ్లు ఇంకో రకం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ సరదాకు రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. మా వాడకట్టులో ఒక పెళ్లికొడుకు తండ్రి నా మీద ఇంకా అలిగే ఉన్నాడు, ఉండనీ.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ దొరకనందుకు కోశాను.

కొనబోయేవాళ్లకు చివరిగా: .32 పిస్టల్ తూటా వేరు, .32 రివాల్వర్ తూటా వేరు. రద్దీలో దుకాణంవాడు ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చేయొచ్చు. డబ్బా అక్కడే విప్పించి ఒకటి చేతిలోకి తీసుకోండి. రివాల్వర్‌దైతే పొడుగ్గా ఉంటుంది, అడుగున అంచు గొట్టం కంటే స్పష్టంగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి, అంచు దాదాపు కనిపించదు. సీసం మీద తెలుపుంటే వేరే డబ్బా అడగండి. కొన్న లెక్క లైసెన్సులో రాయించుకుని, రసీదు దాంట్లోనే పిన్ను కొట్టి పెట్టుకోండి, రెన్యువల్‌కు పోయినప్పుడు ముందు అడిగేది అదే.