ఒడ్డెక్కిన యుద్ధనౌకలు: మోడల్ కట్టేవాళ్ళకి విశాఖ, కార్వార్, లండన్

యుద్ధనౌక మోడల్ కోసం ఊరు బయల్దేరే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కట్టబోయేది ఆ ఓడ ఏ ఏడాది నాటి రూపం? మ్యూజియంలో పెట్టిన ఓడ చూడ్డానికి ఒకటే ఓడ. కానీ దాని మాస్ట్ (పైనుండే స్తంభం) ఒక దశాబ్దానిది, రంగు ఇంకో దశాబ్దానిది, సందర్శకుల కోసం కోసిన తలుపులు వీటన్నిటికంటే తర్వాతవి. ఈ సంగతి పట్టించుకోకుండా వెళ్తే వందల ఫొటోలతో తిరిగొచ్చి, కిట్‌లో (విడిభాగాలుగా అమ్మే మోడల్ పెట్టెలో) సరిగ్గా ఉన్న భాగాన్నే తప్పనుకుని కోసేస్తాం. విశాఖపట్నం, కార్వార్, లండన్ మూడూ వెళ్ళదగ్గవే. ఒక్కో చోట దొరికేది మాత్రం ఒక్కోటి.

తెలుగువాళ్ళకి దగ్గరగా ఉన్నదీ, మోడల్ కట్టేవాళ్ళకి ఎక్కువగా ఉపయోగపడేదీ విశాఖ ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసుర. 1969 డిసెంబర్ 18న రీగాలో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించిన, సోవియట్ యూనియన్‌లో కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి ఇది. 2002 నుంచి మ్యూజియం. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 1/350 స్కేల్‌లో, అంటే అసలులో 350వ వంతుగా కడితే, 26.1 సెం.మీ. పొడవు, 2.1 సెం.మీ. వెడల్పు వస్తుంది. దీని విలువంతా ఒడ్డు మీద ఉండటంలోనే ఉంది. నీళ్ళలో తేలే మ్యూజియం ఓడల్లో ఎప్పటికీ కనపడని కింది భాగం ఇక్కడ కళ్ళెదుట ఉంటుంది: ముక్కు దగ్గర హల్ (ఓడ ఒళ్ళు) ఎలా వంగుతుందో, వెనక ప్రొపెల్లర్లని తిప్పే మూడు షాఫ్ట్‌లు ఎలా అమరాయో, కేసింగ్ (హల్ పైనున్న తొడుగు) పక్కల నీళ్ళు పోయే కన్నాల వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, అన్నీ. కిట్‌లలో ఈ కన్నాలు సాధారణంగా పైపైన గుంటల్లా పోసి ఉంటాయి. వాటిని తెరవాలనుకుంటే ముందు వరసలు, వరసకి ఎన్ని, రెండిటి మధ్య ఎడం ఎంత అన్నవి ఫొటోలోంచి లెక్కపెట్టుకోవాలి. 20 సెం.మీ. వెడల్పున్న కన్నం 1/350లో 0.57 మి.మీ. అవుతుంది. 0.4 మి.మీ. డ్రిల్ బిట్‌తో తొలిచి, బ్లేడు మొనతో చదరం చేస్తే సరిపోతుంది. మొదటే 0.6 బిట్ పెడితే గోడలు కలిసిపోతాయి.

ఫొటోలు తీసే పద్ధతి మీదే మిగతా అంతా ఆధారపడి ఉంటుంది. ఫోన్‌లో వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, తోక సన్నబడి కనిపిస్తుంది. అలాంటి ఫొటో మీద కొలతలు పెట్టుకుంటే మోడల్ కూడా అలాగే వస్తుంది. వీలైనంత దూరం జరిగి 2x లేదా 3x లెన్స్ వాడాలి. మొత్తం పొడవు ఒక్క ఫ్రేములో పట్టకపోతే ఓడకి సమాంతరంగా నడుస్తూ, ప్రతి ఫ్రేమూ ముందుదానితో మూడో వంతు కలిసేలా అయిదారు ఫొటోలు తీయాలి. 91.3 మీటర్ల పొడవు ఫొటోలో 4,565 పిక్సెళ్ళు వస్తే ఒక పిక్సెల్ 2 సెం.మీ. అన్నమాట. 1/350కి అది కావలసినంత కంటే ఎక్కువ. 1/72కి మాత్రం చాలదు, ఒక్కో భాగాన్ని విడిగా దగ్గర నుంచి తీయాల్సిందే. చిన్న వస్తువుల పక్కన కొలబద్దకి బదులు ఎ4 కాగితం పట్టుకుంటే చాలు, దాని పొడవు 29.7 సెం.మీ. అని అందరికీ తెలుసు, కాపలావాళ్ళూ అభ్యంతరపెట్టరు.

వెలుతురు సంగతి. సముద్రం వైపు భాగానికి ఉదయపు ఎండ, రోడ్డు వైపు భాగానికి సాయంత్రపు ఎండ పడుతుంది. మ్యూజియం మామూలు రోజుల్లో మధ్యాహ్నం తెరుస్తారు, సోమవారం సెలవు. సమయాలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే కనుక్కోవాలి. బయటి నుంచి తీసే ఫొటోలకి టికెట్‌తో పని లేదు గనక తెల్లవారే ఇసుకలోకి దిగి సముద్రం వైపు తీసుకుని, తెరిచాక లోపలికి వెళ్ళడం మేలు. ఆదివారం, పండగ రోజులు వద్దే వద్దు. గుంపుల్ని వరసగా నడిపిస్తారు, లోపల రెండు నిమిషాలు నిలబడటానికి వీలుండదు. వారం మధ్యలో, తెరిచిన వెంటనే వెళ్తే గైడ్లు తీరిగ్గా మాట్లాడతారు. వాళ్ళలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళుంటారు. ‘ఇది ఏంటి’ అని కాకుండా ‘ఇది మొదటి నుంచీ ఉందా, తర్వాత పెట్టిందా’ అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. లోపల కెమెరాకి అనుమతి, రుసుము సంగతి కౌంటర్లోనే తేల్చుకోవాలి.

కురుసురలో నమ్మకూడనివి కూడా ఉన్నాయి. జనం ఎక్కి దిగడానికి హల్‌కి కోసిన ద్వారాలు, మెట్లు, దీపాలు, కింద ఆనించిన కాంక్రీటు దిమ్మెలు మ్యూజియానివి. దిమ్మెలు కప్పేసిన చోట కీల్ (ఓడ అడుగు) ఆకారాన్ని ప్లాన్ చూసే నింపుకోవాలి. రంగుకి దీన్ని ఆధారం చేసుకోవద్దు. ఉప్పు గాలికి మళ్ళీ మళ్ళీ పూసిన పూత అది. 1971 యుద్ధం నాటి రూపం కావాలంటే ఆ కాలపు ఫొటోలే దిక్కు. విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని కట్టాలనుకునేవాళ్ళకి కూడా కురుసుర పనికిరాదు. ఘాజీ అమెరికాలో కట్టిన టెంచ్ తరగతిది, పాత పేరు డయాబ్లో. రెండిటికీ పోలికే లేదు.

బస విషయానికొస్తే, ఉదయపు వెలుతురు కావాలంటే బీచ్ రోడ్డు మీదో, దానికి నడిచివెళ్ళే దూరంలోనో దిగాలి. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతారు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగితే ఆ వేళకి ఆటో చివరిదాకా రాదు. అయితే కాంప్లెక్స్ చుట్టుపక్కల గదులు చవక, తిండికి ఇబ్బంది ఉండదు. ఒకే పూట పని అయితే అదే చాలు. డ్రోన్ మాత్రం సంచిలో కూడా పెట్టుకోవద్దు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరిది. హార్బర్ వైపు, డాక్‌యార్డ్ వైపు కెమెరా ఎత్తడం కూడా అంతే ప్రమాదం. ఇప్పుడు పనిచేస్తున్న ఓడల ఫొటోలు కావాలంటే నౌకాదళం, పత్రికా సమాచార కార్యాలయం విడుదల చేసేవి చూడాలి. తేదీ రాసి ఉంటుంది, మనకి కావలసింది అదే.

వెతికేటప్పుడు పేర్లతో జాగ్రత్త. కల్వరి, ఖండేరి, కరంజ్, వేలా, వాగీర్ పేర్లు పాత ఫాక్స్‌ట్రాట్‌లవి, ఇప్పటి స్కార్పీన్ తరగతి జలాంతర్గాములవి కూడా. పేరుతో పాటు ఏడాది చేర్చకపోతే వచ్చేవన్నీ కొత్తవాటి ఫొటోలే. కురుసుర పేరు మళ్ళీ ఎవరికీ పెట్టలేదు కాబట్టి ఆ గొడవ లేదు.

కార్వార్ వేరే సంగతి. రవీంద్రనాథ్ టాగూర్ బీచ్‌లో ఐఎన్ఎస్ చపల్ క్షిపణి బోటు ఉంది. ఇదీ ఒడ్డు మీదే. 1976లో నౌకాదళంలో చేరి 2005లో విరమించింది. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద దాడి చేసిన నిపాత్, నిర్ఘాత్, వీర్ బోట్ల మోడల్ కట్టాలనుకుని ఇక్కడికి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి సోవియట్ క్షిపణి బోట్లలో ఓసా-1 రకం, చపల్ ఓసా-2. ఓసా-1 మీద నాలుగు క్షిపణి గూళ్ళు పెట్టెల్లా ఉంటాయి, ఓసా-2 మీద గుండ్రటి గొట్టాలు. హల్ ఆకారం, ముందూ వెనకా ఉన్న జంట 30 మి.మీ. తుపాకుల టరెట్లు, బ్రిడ్జి రూపురేఖలకి చపల్‌ని వాడుకోవచ్చు. క్షిపణి గూళ్ళకి మాత్రం వాడకూడదు. మెరిట్ సంస్థ 1/72లో ఓసా-1, ఓసా-2 రెండు కిట్‌లూ వేరువేరుగా తెచ్చింది. ఓడ పొడవు 38.6 మీటర్లు, మోడల్ 53.6 సెం.మీ. అవుతుంది. నిపాత్ కావాలంటే మొదటి కిట్టే కొనాలి. నిపాత్, నిర్ఘాత్, వీర్ పేర్లు కూడా 1980ల చివర వచ్చిన పెద్ద బోట్లకి మళ్ళీ పెట్టారు, ఫొటోలు వెతికేటప్పుడు అదీ చూసుకోవాలి.

మడ్గావ్ నుంచి కార్వార్ సుమారు 70 కిలోమీటర్లు. కొంకణ్ రైల్లో వస్తే స్టేషన్ ఊరికి దూరం, ఆటో తప్పదు. బోటు చిన్నది, ఒక పూట చాలు, దీని కోసమే రాత్రి ఉండనక్కర్లేదు. గోవా ప్రయాణంలో కలుపుకోవడమే లాభం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకి ఎడతెరిపి ఉండదు, అప్పుడు రావద్దు.

లండన్‌లో ఓడ కంటే కాగితాలు విలువైనవి. థేమ్స్ నది మీద టవర్ బ్రిడ్జి పక్కన ఉన్న హెచ్ఎంఎస్ బెల్ఫాస్ట్ 1938లో జలప్రవేశం చేసిన క్రూజర్. 1939 నవంబర్‌లో మైన్ పేలి నడుము విరిగినంత పనైంది, 1942 చివర్లో మళ్ళీ సముద్రం మీదికి వచ్చింది. 1956 నుంచి 1959 వరకు జరిగిన పెద్ద మరమ్మతులో బ్రిడ్జి మూసేశారు, మూడుకాళ్ళ మాస్ట్‌ల బదులు జాలీ మాస్ట్‌లు పెట్టారు, టార్పెడో గొట్టాలు తీసేశారు. విమానాన్ని విసిరే కేటపుల్ట్ అంతకుముందే పోయింది. ఇప్పుడు మనం చూసే ఓడ నిర్మాణంలో 1959 తర్వాతిది, ఒంటి మీద రంగు మాత్రం యుద్ధకాలపు కామఫ్లాజ్ (శత్రువు కన్ను కప్పే రంగుల పూత). ఆ జోడింపుతో ఈ ఓడ ఎన్నడూ సముద్రం మీద తిరగలేదు. ట్రంపెటర్ 1/350 కిట్ 1942 రూపం, 53 సెం.మీ. పైచిలుకు. దాని బ్రిడ్జిని ఇక్కడి ఫొటోలు చూసి సరిదిద్దడం మొదలుపెడితే కిట్ పాడైపోతుంది. ఆరంగుళాల తుపాకుల టరెట్లు, లంగరు గొలుసుల అమరిక, డెక్ పలకల వరస వంటివి మాత్రం ధైర్యంగా తీసుకోవచ్చు.

టికెట్ చవక కాదు, తొమ్మిది డెక్‌లు కాబట్టి పూర్తి రోజు కేటాయించాలి. పక్క నుంచి మొత్తం ఓడ కావాలంటే టికెట్ లేకుండానే ఎదురొడ్డున లండన్ టవర్ దగ్గర నిలబడాలి. మధ్యాహ్నం ఎండ ఓడ వెనక నుంచి వస్తుంది, అంతా నల్లగా పడుతుంది. మబ్బు పట్టిన రోజే మంచిది, రివెట్లు కూడా తెలుస్తాయి. డెక్ పై నుంచి కనిపించాలంటే టవర్ బ్రిడ్జి ఎక్కాలి. ఈస్ట్‌హామ్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో దిగినవాళ్ళకి డిస్ట్రిక్ట్ లైన్ రైలు నేరుగా టవర్ హిల్ దాకా ఉంది, అక్కణ్ణుంచి నడకే.

అసలు నిధి గ్రీనిచ్‌లోని రాయల్ మ్యూజియమ్స్ దగ్గరున్న నౌకల ప్లాన్‌లు. నేరుగా వెళ్తే చూపించరు. ముందుగా రాసి, ఓడ పేరు, ఏ ప్లాన్ కావాలో చెప్పి సమయం తీసుకోవాలి, ప్రతులకి డబ్బు కట్టాలి. కట్టడం పూర్తయ్యాక గీసిన ప్లాన్ అడగాలి. డిజైన్ దశలోది కాదు, రెండూ చాలాసార్లు కలవవు. అలాంటి ప్లాన్‌ల మీద తర్వాతి మార్పుల్ని వేరే రంగు సిరాతో గీసేవారు. నలుపు తెలుపు ప్రతి తీసుకుంటే ఆ తేడా పోతుంది, రంగు ప్రతికే డబ్బు పెట్టండి. ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోల సంగ్రహాన్ని ఇంటి నుంచే వెతకొచ్చు. అయితే ఆ కాలపు కొన్ని ఫిల్ములు నీలాన్ని తెల్లగా, ఎరుపుని నల్లగా చూపిస్తాయి. నలుపు తెలుపు ఫొటో చూసి రంగు తేల్చొద్దు, గీతలు ఎక్కడ కలుస్తాయో మాత్రం చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో కిట్ అట్టపెట్టె విప్పి, స్ప్రూలని (భాగాలు అతికి ఉన్న ప్లాస్టిక్ చట్రాలని) బట్టల మధ్య పరిస్తే విరగవు. డీకాల్ (అంటించే గుర్తుల) కాగితం, ఫొటో-ఎచ్ (సన్నటి లోహపు భాగాల) రేకు గట్టి పుస్తకంలో పెట్టి చేతి సంచిలో ఉంచుకోవాలి. జిగురు, థిన్నర్, లాకర్ రంగులు మండేవి కాబట్టి విమానంలో ఎక్కడా పెట్టనివ్వరు. అవి ఇండియాలోనే కొనుక్కోవాలి.