‘2,400 ఏళ్ల చైనా కంటిపూస’ అని అమ్ముతున్నారు, డబ్బు పంపే ముందు ఇది చదవండి

పాత పూసలు సేకరించేవాళ్లు కాస్త జాగ్రత్త. చైనాలో రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకున్న వారింగ్ స్టేట్స్ కాలం (క్రీ.పూ. 475–221) నాటి గాజుపూస అని ఆన్‌లైన్‌లో ఒకాయన నాకు అంటగట్టింది అచ్చంగా ఈమధ్య తయారైన సరుకు. డబ్బు వెనక్కివ్వమంటే ముందు ‘పాతవాటి గురించి మీకేం తెలుసు’ అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు.

ఈ పూసల మీద మోజు ఊరికే పుట్టలేదు లెండి. నీలం, తెలుపు గాజు పొరలు ఒకదానిమీద ఒకటి అద్ది చేసిన కళ్లు, అవీ సరిగ్గా మధ్యలో కాకుండా ఓ పక్కకి జరిగి ఉంటాయి, చేతిలో తిప్పుతుంటే ఎటు తిప్పినా మనవైపే చూస్తున్నట్టుంటుంది. తూనీగ కళ్ల పూసలంటారు. 1978లో హుబే రాష్ట్రంలోని సుయ్‌జౌలో జెంగ్ రాజ్యపు యీ ప్రభువు సమాధి తవ్వితే ఇలాంటివి 100కి పైగా దొరికాయి. పడమటి నుంచి వచ్చిన పూసల్ని చూసి చైనావాళ్లు సీసం, బేరియం కలిపిన సొంత గాజుతో చేయడం మొదలుపెట్టారు. అంత కథ ఉంది కాబట్టే అంత ధర, ధర ఉంది కాబట్టే ఈ దొంగ సరుకు.

నాకొచ్చిన దాని సంగతి చెప్తా. అసిటోన్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దితే ‘సమాధి మట్టి’ జిగురుతో సహా ఊడొచ్చింది. లెన్స్ పెట్టి రంధ్రంలోకి చూస్తే లోపల కొత్త సీసాలా నిగనిగ. పైన తెల్లటి పొర కళ్ల మీదా, ఒంటి మీదా ఒకే మందంలో ఉంది, యాసిడ్‌లో ముంచితే అలాగే వస్తుంది. నిజంగా మట్టిలో ఉన్నదైతే ఒకచోట పొడిపొడిగా, ఒకచోట గుంటలు పడి, ఒక్కో రంగు ఒక్కోలా పాడవుతుంది.

సర్టిఫికెట్ చూసి టెన్షన్ తీరిపోయిందనుకోకండి, నాకిచ్చింది ఆయన ప్రింటర్‌లోంచి వచ్చిందే. ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేలు పంపి వస్తువులో ఏ మూలకాలున్నాయో చూసే) పరీక్ష చేయిస్తే సీసం, బేరియం ఉన్నాయో లేదో పూసకి గీత పడకుండా తెలుస్తుంది, కానీ అవి కలిపి కొత్త గాజు కూడా చేయొచ్చు కదా, దాంతోనే నమ్మేయొద్దు. ఇంకో మాట. చైనాలో భూమిలో దొరికిన పురావస్తువులు ప్రభుత్వ సొత్తు. అసలుదే అంటే అక్కడినుంచి ఎప్పుడు, ఏ కాగితాలతో బయటికొచ్చిందో అడగండి. ‘మా తాతగారి కలెక్షన్’ అన్నది జవాబు కాదు.

ఆయన ఇప్పుడు వేరే పేరుతో అవే ఫొటోలు పెట్టి అమ్ముతున్నాడు. ఫొటోలో ఎర్ర గుడ్డ మీద పూస, ఎడమవైపు కన్ను పక్కన చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, అదే గుర్తు.