కోడ్ ఒకటి చెప్పింది, జబ్బు ఇంకోచోట ఉంది: బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌తో నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఈ డబ్బా (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు, అంకెలు ఫోన్‌లో చూపించే ఓబీడీ స్కానర్) నా కారును బాగు చేయలేదు. ఏం పోయిందో నేరుగా చెప్పనూ లేదు. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో అర్థం కావాలంటే కారు గోల కాస్త వినాలి.

నాది 18 ఏళ్ల పాత 1.6 లీటర్ పెట్రోల్ కారు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్‌లో ఇంజన్ నడుస్తోందా ఆగిందా అన్నట్టు ఉంటుంది, మామూలుగా తిరిగితే వంక పెట్టడానికి లేదు. ఎత్తు ఎక్కేటప్పుడో, ముందున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడో మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా పికప్ ఉండేది కాదు, 3,000 ఆర్‌పీఎం దాటాక గొంతు పట్టుకున్నట్టు అక్కడే గింజుకునేది. దాటడం మొదలుపెట్టాక మధ్యలో బండి లాగకపోతే ఉండే టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అప్పుడప్పుడూ చెక్ ఇంజన్ లైటు వెలిగేది. గ్యారేజీకి వెళ్తే స్కానింగ్ పెట్టి, పీ0171 అని కోడ్ చూసి, 'ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్' అని అది (పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసేది) మార్చి, కోడ్ చెరిపేసి పంపారు. ఇంకో గ్యారేజీలో ప్లగ్గులు, కాయిళ్లు మార్చారు. మూడో చోట మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది). మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు లైటు వెలిగేది కాదు, హమ్మయ్య అనుకునేవాణ్ని. తర్వాత తెలిసిందేంటంటే ఇలాంటి కోడ్ చెరిపేశాక, తప్పు వరసగా రెండు ట్రిప్పుల్లో కనబడితే గానీ లైటు మళ్లీ వెలగదు. అంటే ఆ ప్రశాంతత కొత్త పార్టు మహిమ కాదు, చెరిపేసిన చేతి మహిమ.

రెండేళ్లు ఇలా గడిచాక విసుగొచ్చి ఈ స్కానర్ కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, స్టీరింగ్ కింద మోకాలి దగ్గరుండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌కి బ్లూటూత్ కలిపి, ఒక యాప్ వేసుకుంటే చాలు. లోపల ఈఎల్‌ఎం327 రకం చిప్ (కారు కంప్యూటర్ మాటల్ని ఫోన్‌కి అందించేది) అని రాసుంది. ఈ పేరుతో నకళ్లు బోలెడు తిరుగుతున్నాయి, వెర్షన్ 2.1 అని రాసుంటుంది గానీ కొన్ని కమాండ్లకు జవాబే ఇవ్వవు. నేను మొదట కొన్నది అలాంటిదే, కనెక్ట్ అవుతుంది, రెండు నిమిషాలకోసారి తెగిపోతుంది. వెనక్కి పంపేశాను. ఈ రివ్యూ రెండోదాని గురించి.

కోడ్ చదవడం కోసమే అయితే ఇది కొనక్కర్లేదు, ఆ కోడ్ నాకు కంఠతా వచ్చు. పీ0171 అంటే సెన్సర్ పోయిందని కాదు, మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని. 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్, బరువు లెక్కన, అదీ ఇంజన్‌కి కావాల్సింది. ఆక్సిజన్ సెన్సర్ 'పెట్రోల్ చాలట్లేదు' అని మొత్తుకుంటుంటే మావాళ్లు మొత్తుకున్నదాన్నే పీకి పారేశారన్నమాట. యాప్ కూడా తక్కువ తినలేదు, కోడ్ నొక్కితే 'ఆక్సిజన్ సెన్సర్ మార్చండి' అని సలహా ఇస్తుంది. ఆ పేజీ ఉన్నట్టే మర్చిపోండి.

అసలు విలువంతా లైవ్ డేటాలో ఉంది. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటి ఉంటుంది. ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) తన లెక్క ప్రకారం పోసే పెట్రోల్‌కి ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకె చెబుతుంది. షార్ట్ టర్మ్ అంటే ఆ క్షణానిది, లాంగ్ టర్మ్ అంటే అలవాటైపోయినది. అటూ ఇటూ 5 శాతం ఉంటే పట్టించుకోనక్కర్లేదు, 10 దాటితే ఏదో ఉంది. నాది ఐడ్లింగ్‌లో ప్లస్ 4. ఇంతేనా అనుకున్నాను. పక్కన మా తమ్ముణ్ని కూర్చోబెట్టి ఫోన్ వాడి చేతికిచ్చి ఎత్తు ఎక్కిస్తే 'అన్నా, 19... 21... 23' అని వాడు చదువుతూనే ఉన్నాడు.

ఇక్కడే చిక్కుముడి కొస దొరికింది. ఇన్‌టేక్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో) ఎక్కడో గాలి లీకైతే కథ తిరగబడి ఉండేది, ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువుండి వేగం పెంచేకొద్దీ తగ్గేది, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలి పెరిగేకొద్దీ దొంగగాలి వాటా చిన్నదైపోతుంది. నాది లోడ్ పడితేనే పెరుగుతోంది. అంటే ఎయిర్ ఫ్లో సెన్సర్ గాలిని తక్కువగా చూపిస్తూ ఉండాలి, లేదా అడిగినంత పెట్రోల్ రాకపోవాలి. మూడో గేర్‌లో పూర్తిగా తొక్కి 4,000 దగ్గర చూస్తే సెన్సర్ సెకనుకి 52 గ్రాముల గాలి చూపించింది. 1.6 లీటర్ ఇంజన్‌కి ఆ స్పీడులో ఎంత రావాలో కాగితం మీద లెక్క వేస్తే దాదాపు అంతే. గాలి లెక్క సరిగ్గానే ఉంది. అదే క్షణంలో ఆక్సిజన్ సెన్సర్ 0.1 వోల్ట్ దగ్గర చతికిలబడి ఉంది. పెట్రోల్ తక్కువైతే ఆ వోల్టేజీ పడిపోతుంది, పూర్తిగా తొక్కినప్పుడు అది 0.8, 0.9 చూపించాలి. కాబట్టి పెట్రోలే అందట్లేదు.

స్కానర్ పని ఇక్కడితో సరి. ఇలాంటి పాత కార్లలో ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ ఉండదు, లేనిదాన్ని అది ఎలా చదువుతుంది? ప్రెషర్ గేజ్ అరువు తెచ్చి, గొట్టం బానెట్ సందులోంచి బయటికి తీసి, గేజ్‌ని అద్దం బయట వైపర్ కింద టేపుతో అంటించి నడిపాం (పెట్రోల్ ఉన్న గేజ్‌ని కారు లోపలికి మాత్రం తేకండి). ఐడ్లింగ్‌లో 2.9 బార్, మాన్యువల్‌లో ఉన్నది 3. ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు మెల్లగా జారి 1.9కి వచ్చింది. ఫిల్టర్ మార్చాను, ఏమీ మారలేదు. ఇక పంప్ పోయిందని తేల్చేసి కొత్త పంప్ ఆర్డర్ పెట్టబోతుంటే మా మామయ్య (ఎలక్ట్రికల్ పనిలో తలపండినవాడు) 'ముందు దానికి కరెంటు సరిగా అందుతోందో లేదో చూశావురా?' అన్నాడు. చూశానన్నాను, యాప్‌లో 14.1 వోల్ట్ అని ఉందిగా! ఆయన నవ్వాడు. ఆ 14.1 నా మోకాలి దగ్గర సాకెట్‌లో ఉన్నది, వెనక సీటు కింద పంప్ దగ్గరిది కాదు.

సీటు ఎత్తి, ఇంజన్ ఆన్‌లో పెట్టి, కనెక్టర్ వెనక నుంచి మల్టీమీటర్ ముళ్లు గుచ్చితే 11.0. పాజిటివ్ వైపు వైరులో 0.3 వోల్ట్ పోతోంది, అది సరే. ఎర్త్ వైపు (కరెంటు బాడీ ద్వారా తిరిగి వెళ్లే దారిలో) 2.8! ఆ వైరు వెంట వెళ్తే కార్పెట్ కింద బాడీకి బిగించిన బోల్టు, దాని చుట్టూ ఆకుపచ్చ చిలుము, వాషర్ కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. వేలితో కదిపితే కదిలింది. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగే పెట్రోల్ తక్కువ కాబట్టి మెల్లగా తిరిగే పంప్ కూడా సరిపోయేది, తొక్కినప్పుడే బండారం బయటపడేది. ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త వాషర్ వేసి, బిగించి, పైన గ్రీజు పూశాను. పంప్ దగ్గర 13.7 వచ్చింది. అదే ఎత్తు మీద ట్రిమ్ ప్లస్ 3, పూర్తిగా తొక్కితే ఆక్సిజన్ సెన్సర్ 0.88. తమ్ముడు ఫోన్ చూడ్డం మానేసి సీటు పట్టుకున్నాడు.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ కడుపు మండే విషయం. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, లోడ్, వేగం, ఇంజన్ వేడి ఎంతున్నాయో ఈసీయూ ఫొటో తీసినట్టు దాచుకుంటుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది. ఆ గ్యారేజీలలో ఎవరైనా చెరిపేముందు ఒక్కసారి దాన్ని చూసుంటే, 'లోడ్ మీదే వస్తోంది' అన్న సంగతి మొదటి రోజే తెలిసేది. మీరు స్కానర్ కొన్నా కొనకపోయినా, చెరిపేముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇమ్మని అడగండి.

ఇక తిట్లు. నాలాంటి పాత కార్లలో డేటా లైను నెమ్మది, ఐదారు అంకెలు ఒకేసారి పెడితే గ్రాఫ్ మెట్లు మెట్లుగా వస్తుంది. రెండు మూడుకి మించి పెట్టకండి. ఓబీడీ ప్రమాణం రాకముందు కార్లయితే దీనికి పలకనే పలకవు. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి అది తప్పనిసరి అయింది, మిగతాచోట్ల కొనేముందు మీ మోడల్‌కి పనిచేస్తుందో లేదో కనుక్కోండి. యాప్ తెలుగులో లేదు. ఇంకా దీనికి ఆఫ్ బటన్ లేదు, గుచ్చి వదిలేస్తే బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. పది రోజులు బండి తీయకుండా ఉంచి, కారు మొత్తం బాగైందన్న ఉత్సాహంతో తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంది. ఆ ఒక్క స్టార్ అక్కడ పోయింది.