నానేఘాట్ వ్యాన్ టూరు: కనుమకు వంక లేదు, టైమే చాలదు

నిర్మల్ మీదుగా పోయే 61వ నంబరు జాతీయ రహదారే ముంబై దగ్గరి కల్యాణ్ దిక్కున, మహారాష్ట్రలోని పాత కొండదారి నానేఘాట్ కిందుగా పోతుంది. అందుకే నిర్మల్ నుంచి నడిపే ఈ వ్యాన్ టూరులో దారి తిప్పలు లేవు.

కొండ కింది ఊరు వైశాఖరే దగ్గర దిగి ఎక్కాలి. రాళ్లు అరిగి నున్నబడ్డాయి. వానలకు నాచు పడితే రబ్బరు చెప్పులు నిలవవు.

పైన గుహలో సాతవాహన రాణి నాగానిక బ్రాహ్మీ శాసనం. యజ్ఞ దక్షిణలుగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, కార్షాపణాలు (ఆనాటి నాణేలు) అంకెలతో సహా చెక్కించింది. టార్చి పక్కవాటుగా పట్టండి, అక్షరాలు తేలుతాయి. వెనక గోడకు తొలి సాతవాహన రాజు సిముకుడి మొదలు రాజకుటుంబం పేర్లున్నాయి, బొమ్మలు మాత్రం పోయాయి. ఆ సిముకుడివే అనుకునే, చిముక పేరున్న నాణేలు మన జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికాయి. గైడు ఆ ముక్కే ఎత్తడు!

బాటసారుల సుంకం నాణేలు వేసేవారని చెప్పే రాతి కాగు దగ్గర సెల్ఫీలకు అరగంట, గుహకు పది నిమిషాలు. ఇదేం లెక్క?