సిరొంచలో కాన్పులకు ఏది మేలు: ఇంకో అంబులెన్సా, ఆస్పత్రి పక్కన గదా, ఊళ్లో సబ్ సెంటరా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి నదుల మధ్య ఉంటుంది సిరొంచ తాలూకా. ఇక్కడ ప్రసవ సేవలు మెరుగుపరచాలన్నప్పుడల్లా మూడు మాటలు వినబడతాయి. ఇంకో అంబులెన్స్ తెప్పించాలనేది ఒకటి. నెలలు నిండిన గర్భిణి ముందే వచ్చి ఉండేలా ఆస్పత్రి ఆవరణలోని వసతి గదిని, అంటే మాహేర్‌ఘర్‌ను గట్టిగా నడపాలనేది రెండోది. దూరాలు తిరగకుండా సబ్ సెంటర్‌లోనే కాన్పులు చేయాలనేది మూడోది. సభల్లో చప్పట్లు ఎప్పుడూ అంబులెన్స్‌కే పడతాయి. జెండా ఊపి ప్రారంభించడానికి వీలైనది అదొక్కటే కదా. డబ్బు కొంతే ఉన్నప్పుడు మాత్రం మొదటి రూపాయి దానికి పోకూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఊరు 40 కి.మీ. దూరంలో ఉంటే బండి తిరగాల్సింది 80. ముందు అది ఊరిదాకా రావాలి, ఎక్కించుకుని వెనక్కి పోవాలి. అడవి దారిలో గంటకు 25 కి.మీ. వేగం అనుకుంటే మూడు గంటల పైమాటే. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. అంటే ఫోన్ మొదటిసారికే కలిసినా, బండి సిద్ధంగా ఉన్నా, ఈ ప్రమాదానికి అది అందదు. ఇక వాగులు పొంగితే బండి అవతల, మనిషి ఇవతల. 2022 జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు ఈ తాలూకాలో ఊళ్లకు ఊళ్లే నీళ్లలో ఉన్నాయి.

ఇంకో లెక్క ఎవరూ వేయరు. సిరొంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కి.మీ. అక్కడికి రెఫర్ చేసిన కేసును దింపి బండి తిరిగి రావడానికి పది గంటలు తక్కువ కాదు. రోజుకో రెఫరల్ ఉందంటే పగలూ రాత్రీ కలిపి దాదాపు సగం సమయం ఆ బండి తాలూకాలో లేనట్టే. పైగా ఒక బండి ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే ముగ్గురు డ్రైవర్లు కావాలి, సెలవులు కలుపుకుంటే నలుగురు. ఇద్దరితో సరిపెట్టిన చోట రాత్రిపూట బండి ఉంటుంది, నడిపేవాడు ఉండడు. కాబట్టి కొత్త బండి అడిగేముందు ఉన్న బండి లాగ్‌బుక్ తీసి, ఒక నెలలో ఎన్ని గంటలు తాలూకా బయట ఉందో కూడి చూడండి. రెఫరల్ దగ్గరలోనే ఆగితే కొత్త బండి అక్కర్లేకుండానే సగం బండి మిగులుతుంది.

అంబులెన్స్ వద్దని కాదు. 63వ నంబర్ జాతీయ రహదారిని ఆనుకున్న ఊళ్లకు అదే చవక, అదే త్వరగా అందేది. ఏడో నెలలో ఫిట్స్ వచ్చినా, నెల తక్కువగా నొప్పులు మొదలైనా మాహేర్‌ఘర్ ఏం చేయలేదు, అక్కడ బండే దిక్కు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు తర్వాత ఇంటికి ఉచితంగా దింపాల్సిందీ బండే.

ఇక మాహేర్‌ఘర్. గిరిజన ప్రాంతాల కోసం మహారాష్ట్రలో ఈ పథకం చాలా ఏళ్లుగా ఉంది. నొప్పులు వచ్చాక బయలుదేరడం అనే చిక్కునే ఇది తీసేస్తుంది. జింగానూర్ వైపు లోపలి ఊళ్లకు, వానాకాలంలో తెగిపోయే ఊళ్లకు మూడింటిలో ఇదే మేలు. అయితే గది కట్టినంత మాత్రాన మంచం నిండదు.

అసలు కీలకం మూడో నెలలో ఉంది. చివరి నెలసరి తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ రాస్తాం. సరిగ్గా ఆ రోజున కనేవాళ్లు నూటికి అయిదుగురు, 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా మామూలే. నెలసరి తేదీ గుర్తులేని చోట మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ అయితే వారం లోపు తేడాతో తేదీ చెబుతుంది. ఎనిమిదో నెలలో తీసిన స్కాన్‌లో మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. ఆ తప్పు తేదీతో పిలిపిస్తే ఆమె నెల రోజులు గదిలో కూర్చుంటుంది, లేదా పిలుపు అందకముందే ఇంట్లో కంటుంది. నెల కూర్చున్న ఒక్కామె ఊరికి వెళ్లి చెప్పే మాట తర్వాతి పదిమందిని ఆపేస్తుంది. అందుకే మాహేర్‌ఘర్ బడ్జెట్‌లో మొదటి పద్దు మంచాలు కాదు, మూడో నెలలో స్కాన్‌కు తీసుకొచ్చి దింపే ఖర్చు.

మంచాలెన్ని? ఆస్పత్రి పరిధిలో చేరరాని ఊళ్ల నుంచి నెలకు 12 కాన్పులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరు 10 రోజులు ఉంటే 120 మంచం రోజులు, 30తో భాగిస్తే 4. కానీ కాన్పులు వరుసగా రావు, ఒక వారం ఇద్దరు, మరో వారం ఆరుగురు. సగటుకు సగం కలిపి 6 పెట్టుకోవాలి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వాగులు పొంగకముందే తెచ్చుకోవాలి గనుక ఒక్కొక్కరు 15, 20 రోజులుంటారు. అప్పుడు 10 కావాలి. మిగతా నెలల్లో ఆ నాలుగు గదిలో మడిచి పెట్టుకునే మంచాలైతే చాలు.

ఖాళీగా ఎందుకుంటాయో వాళ్లనే అడిగితే జవాబులు చాలా మామూలుగా ఉంటాయి. ఇంటి దగ్గర మూడేళ్ల పిల్లాణ్ని ఎవరు చూడాలి? మేకలను ఎవరు తోలాలి? అత్త తోడు వస్తే ఆమె ఎక్కడ పడుకోవాలి? కాబట్టి గర్భిణికో మంచం, తోడు వచ్చినవాళ్లకో మంచం, చిన్న పిల్లాడికీ కలిపి భోజనం అని లెక్క కట్టాలి. కాంట్రాక్టు భోజనం కన్నా బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, గ్యాస్ ఇచ్చి వండుకోనిస్తే ఎక్కువ మంది నిలుస్తారు. మరుగుదొడ్డి గదికి ఆనుకునే ఉండాలి, రాత్రి ఆవరణ దాటి వెళ్లేటట్టయితే ఉండరు. అసరెల్లి, అంకీసా నుంచి వచ్చినామె తెలుగు మాట్లాడుతుంది, లోపలి ఊళ్లామె మాడియా గోండి. కేస్ పేపర్ మరాఠీ. పగటిపూటకైనా ఈ మూడూ వచ్చిన ఒక మనిషిని జీతమిచ్చి పెట్టాలి.

గదిలో ఉంచుకుని ఎవరూ చూడకపోతే అది లాడ్జి. చేరిన రోజే హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రొటీన్, సికిల్ సెల్ పరీక్ష లేకపోతే అదీ చేయాలి. రోజూ రెండు పూటలా బీపీ, బిడ్డ కదలికలు. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువుంటే రక్తం ఏర్పాటు ఆ రోజే మొదలవ్వాలి, నొప్పుల రోజు కాదు. పది రోజుల ముందు రప్పించడంలో సగం లాభం ఇదే.

సబ్ సెంటర్ కాన్పుల సంగతి త్వరగా తేలిపోతుంది. గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ అనేది నియమం. వెయ్యికి 20 పుట్టుకలు అనుకున్నా ఏడాదికి 60. తొలిచూలు వాళ్లు తల్లిగారింటికి పోతారు, ప్రమాద లక్షణాలున్నవాళ్లను పైకి పంపాలి. మిగిలేది సగం. వందకు నలుగురికి అధిక రక్తస్రావం వస్తుందనుకుంటే ఏఎన్ఎం దాన్ని ఏడాదికి ఒకసారి చూస్తుంది. ఏడాదికోసారి చేసే పనికి చేయి తడబడుతుంది, అది ఆమె తప్పు కాదు. రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో కరెంటు పోతే ఫ్రిజ్‌లోని సీసా పేరుకే మందు. కేంద్ర మార్గదర్శకాల్లోనూ నెలకు కనీసం మూడు కాన్పులు జరిగితేనే సబ్ సెంటర్‌ను డెలివరీ పాయింట్ అంటారు.

అయినా సబ్ సెంటర్‌ను వదలకూడదు. ఫిట్స్ వచ్చిన ఆమెకు పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, చెరో పిరుదులో 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు, అక్కడే పడాలి. దారిలోనో ఇంట్లోనో కాన్పయితే రక్తస్రావం రాకుండా మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు, బిడ్డ బయటపడ్డాక, కడుపులో రెండో బిడ్డ లేదని తేల్చుకున్నాకే. దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఇచ్చిన సమయం చీటీ మీద రాయకపోతే పై ఆస్పత్రిలో మళ్లీ అదే మోతాదు పడే ప్రమాదం ఉంది.

మాహేర్‌ఘర్ మేలన్న మాటకు ఒక షరతు ఉంది. పక్కనున్న గ్రామీణ ఆస్పత్రిలో సిజేరియన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం నిల్వ చేసే యూనిట్ ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా, పది రోజులు ఆస్పత్రి పక్కనే పడుకున్న ఆమెను నొప్పుల రాత్రి మళ్లీ బండెక్కించి 200 కి.మీ. పంపాల్సి వస్తుంది. కనుక డబ్బు వరుస ఇలా ఉండాలి: ముందు మత్తు డాక్టరు ఖాళీ భర్తీ, రక్తం ఫ్రిజ్, దానికి జనరేటర్. తర్వాత మూడో నెల స్కాన్ రవాణా. తర్వాత మంచాలు. మత్తు డాక్టరు దొరకకపోతే ఎంబీబీఎస్ డాక్టరుకు మత్తు శిక్షణ ఇప్పించే దారి ప్రభుత్వంలోనే ఉంది. బండి ఆ తర్వాత.

ఆ ఖాళీ నిండేదాకా ఏం చేయాలి? ప్రాణహిత వంతెన దాటితే తెలంగాణలోని చెన్నూరు, అది దాటితే మంచిర్యాల, మొత్తం సుమారు 70 కి.మీ. కుటుంబాలు ఎలాగూ అటే పోతున్నాయి, సొంత జీపుల్లో, చీటీ లేకుండా. దాన్నే పద్ధతిగా చేయొచ్చు. అటు లేబర్ రూమ్ ఫోన్ నంబర్ ఇటు గోడ మీద ఉండాలి. మరాఠీలో నింపిన కార్డును అక్కడ చదవలేరు గనుక రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ, ఇచ్చిన మందులు, సమయం ఇంగ్లిష్‌లో రాసిన చీటీ ఒకటి చేతికివ్వాలి. రాష్ట్రం దాటడానికి అనుమతి ఎవరివ్వాలో 108 డ్రైవర్‌కు ముందే తెలిసి ఉండాలి, వంతెన మీద ఆగి ఫోన్లు చేసే పని కాదది. బిడ్డ పుట్టిన చోటే జననం నమోదవుతుంది, గడువు 21 రోజులు. డిశ్చార్జి రోజే ఆ కాగితం తెచ్చుకోమని ఆశా కార్యకర్త చెప్పి పంపాలి, లేదంటే దానికోసమే ఆ కుటుంబం మళ్లీ నది దాటాల్సి వస్తుంది.