స్మార్ట్ కార్డ్ రీడర్: కార్డు తీసేటప్పుడే అసలు పరీక్ష

ఆఫీసు లాగిన్‌కి ఒక కార్డు, మెయిల్ సంతకాలకీ సర్వర్లలోకి వెళ్లడానికీ ఇంట్లో ఇంకో ఓపెన్‌పీజీపీ కార్డు (సంతకానికి వాడే రహస్య తాళాలను చిప్‌లో దాచుకునేది). ఈ కార్డుల చిప్‌ను కంప్యూటర్‌తో కలిపే రీడర్ లేకుండా ఏళ్లుగా నాకు రోజు గడవదు. ఈ కాలంలో రెండు రీడర్లను బాగా వాడాను. ఒకటి చవకగా దొరికిన పాతది, రెండోది ఇప్పుడు బల్ల మీద ఉన్నది. రెండూ యూఎస్‌బీవే, రెండూ కార్డు రీడర్లకు ఉమ్మడిగా ఉన్న సీసీఐడీ ప్రమాణం పాటించేవే. విండోస్‌లో గానీ లినక్స్‌లో గానీ విడిగా డ్రైవర్ వెతుక్కోవాల్సిన పని పడలేదు. కార్డు పెట్టినప్పుడు రెండూ ఒకేలా పనిచేశాయి. తేడా అంతా తీసేటప్పుడే.

చిప్ మీద బంగారు రంగులో కనిపించే గళ్లలో ఒకటి కరెంటుకి, ఒకటి రీసెట్‌కి, ఒకటి క్లాక్‌కి, ఒకటి డేటాకి, ఒకటి గ్రౌండ్‌కి. కార్డును ఆపేటప్పుడు వీటిని ఏ వరుసలో ఆపాలో చిప్ కార్డుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7816-3 చెబుతుంది: ముందు రీసెట్ లైను దించాలి, తర్వాత క్లాక్, తర్వాత డేటా లైను, చివరికి కరెంటు. మనం కార్డు పట్టుకుని లాగేస్తుంటే ఇదంతా చేయడానికి రీడర్‌కు దొరికే వ్యవధి చాలా తక్కువ. అందుకే స్లాట్ లోపలి చివర చిన్న స్విచ్ పెడతారు. కార్డు కాస్త కదలగానే, గళ్లను తాకే రీడర్ స్ప్రింగులు ఇంకా వాటి వాటి గళ్ల మీద ఉండగానే ఆ స్విచ్ కబురు చెప్పాలి. అది ఆలస్యమైతే కరెంటు పోకముందే స్ప్రింగులు వేరే గళ్ల మీదికి జారతాయి. గళ్లు రెండు వరుసల్లో ఉంటాయి కాబట్టి, కార్డు బయటికి వచ్చే దారిలో డేటా స్ప్రింగు క్లాక్ గడి మీదుగా పోతుంది. ఆ సమయానికి అన్నీ ఆగిపోయి ఉండాలి.

పాత రీడర్‌లో ఈ స్విచ్చే బలహీనం. లినక్స్‌లో కార్డు పెట్టినా తీసినా చెప్పే పీసీఎస్‌సీ_స్కాన్ అనే చిన్న టూల్ నడిపి, కార్డును మెల్లగా, మిల్లీమీటరు చొప్పున బయటికి లాగి చూశాను. కార్డు దాదాపు సగం సెంటీమీటరు జరిగినా లైటు వెలుగుతూనే ఉంది. ఆ తర్వాత తీశారు, పెట్టారు, తీశారు అని వరసగా మెసేజ్‌లు. మధ్యలో ఒకసారి కార్డు స్పందించడం లేదన్న ఎర్రర్. అదే కార్డును కొత్త రీడర్‌లో పెట్టి అలాగే లాగితే, కార్డు కదిలిన వెంటనే లైటు ఆరిపోయింది, తీశారని ఒక్కటే మెసేజ్ వచ్చింది.

కార్డు పాడైపోతుందేమో అని మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. నిజానికి మంచి కార్డులు ఈ లాగుడును తట్టుకునేలాగే తయారవుతాయి. చాలా చిప్ కార్డుల్లో నడిచే జావా కార్డు అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్సాక్షన్ అనే ఏర్పాటు ఉంది. కార్డు తన మెమరీలో రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే, మళ్లీ కరెంటు వచ్చినప్పుడు సగం రాసినదాన్ని తీసేసి పాత విలువలకు తిరిగి వెళ్తుంది. పిన్ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంటుంది. సరిగ్గా తయారైన కార్డు, మనం కొట్టిన పిన్‌ను పోల్చక ముందే మిగిలిన ప్రయత్నాల్లో ఒకటి తగ్గించేస్తుంది. పిన్ తప్పని తెలిసేలోగా కరెంటు తీసేసి, ప్రయత్నం ఖర్చు కాకుండా మళ్లీ మళ్లీ ఊహించాలనుకునే దొంగకు అక్కడే దారి మూసుకుంటుంది. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. అయినా కార్డు గట్టిది కదా అని రీడర్‌ను ఎలా పడితే అలా తయారు చేస్తే కుదరదు. సగంలో తెగిన సంతకం ఒక్కోసారి కంప్యూటర్ వైపు వేలాడుతూనే ఉంటుంది, సంతకం చేస్తున్న ప్రోగ్రామ్‌ను మూసి తెరిస్తే తప్ప కదలదు.

పాత రీడర్‌ను మార్చాలని గట్టిగా అనుకున్నది మాత్రం ఇందుకు కాదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి లేస్తూ కార్డు తీసి జేబులో వేసుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి చూస్తే, స్క్రీన్ తెరిచే ఉంది. దుమ్ము చేరి స్విచ్ ఇరుక్కుపోయింది. స్లాట్ ఖాళీ, రీడర్ మాత్రం కార్డు లోపలే ఉందనుకుంటోంది. కార్డు తీస్తే కంప్యూటర్ లాక్ అవుతుందన్న నమ్మకం మీదే మేమంతా సీట్లు వదిలి తిరుగుతుంటాం. ఆ నమ్మకాన్ని వమ్ము చేసే రీడర్ ఎంత చవకైనా దండగే.

లాక్ సంగతి రీడర్ ఒక్కదానితో తేలదు, సెట్టింగులు కూడా కుదరాలి. కార్డు తీస్తే ఏం చేయాలనే పాలసీ విండోస్‌లో మామూలుగా 'ఏమీ చేయకు' అనే ఉంటుంది. దాన్ని లాక్ వర్క్‌స్టేషన్‌కు మార్చాలి, స్మార్ట్ కార్డ్ రిమూవల్ పాలసీ అనే సర్వీస్ కూడా నడుస్తుండాలి. రెండోది చూసుకోక, పాలసీ పెట్టాం కదా అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఇంకో మెలిక: పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి కార్డును వేరే పనికి వాడుతుంటే, కార్డు తీసినా లాక్ పడదు. కార్డుతో లాగిన్ అయితేనే ఆ పాలసీ వర్తిస్తుంది. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లోనూ రిమూవల్ యాక్షన్ సెట్టింగును లాక్‌స్క్రీన్‌కు మార్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో అయితే పవర్ ఆదా కోసం యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే టిక్కును డివైస్ మేనేజర్‌లో తీసేశాను. ఆ తర్వాత నిద్ర నుంచి లేచిన రీడర్ కార్డును గుర్తించని గొడవ తగ్గింది.

కొత్త రీడర్‌లో స్ప్రింగులు గళ్ల మీద రుద్దుకుంటూ రావు, కార్డు పూర్తిగా లోపలికి వెళ్లాక పైనుంచి వచ్చి ఆనుకుంటాయి. పాతదానిలో తిరిగిన కార్డు చిప్ మీద నిలువు గీతలు పడ్డాయి. కొత్తదానిలోనే వాడుతున్న కార్డు మీద చుక్కల్లాంటి చిన్న మచ్చలే ఉన్నాయి. ధర కాస్త ఎక్కువే. బాడీ తేలిక, కార్డు లాగితే రీడర్ కూడా వెంట వస్తుంది. కింద రెండు వైపులా అంటుకునే టేపు వేసి బల్లకు అతికించాను.

జీఎస్టీ రిటర్నులకీ టెండర్లకీ డిజిటల్ సిగ్నేచర్ వాడేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పెన్‌డ్రైవ్‌లా కనిపించే ఆ టోకెన్‌లో రీడరూ కార్డు చిప్పూ ఒకే డబ్బాలో ఉంటాయి. దాన్ని లాగేస్తే రీడర్‌కే కరెంటు పోతుంది, వరుసగా ఆపే అవకాశమే ఉండదు. అందుకే సంతకం పూర్తయిందని పోర్టల్ చెప్పాక, మిణుకుమనే లైటు నిలకడగా వెలిగాక తీయాలి. అలాగని అసలు తీయకుండా వదిలేయడం ఇంకా ప్రమాదం. చాలా ఆఫీసుల్లో యజమాని టోకెన్ అకౌంటెంట్ కంప్యూటర్‌కు పొద్దున్నుంచి రాత్రి దాకా తగిలించే ఉంటుంది, పిన్ ఒకసారి కొట్టాక సంతకం చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపెట్టుకునీ ఉండవచ్చు. సంతకాలయ్యాక టోకెన్ తీసి యజమాని చేతికే ఇవ్వండి.