పుట్టగొడుగుల సాస్‌కి ఏ ష్నిట్సెల్ మేలు: బ్రెడ్ పొడి పట్టించిందా, పట్టించనిదా?

ష్నిట్సెల్ అంటే పల్చగా కొట్టి వేయించిన మాంసం ముక్క. జర్మనీలో యేగర్‌ష్నిట్సెల్ అని అడిగితే పళ్లెంలోకి ఏమొస్తుందో ఊరిని బట్టి మారుతుంది. ఒకచోట పూతేమీ లేకుండా వేయించిన పంది మాంసం ముక్క, దాని మీద మీగడలో ఉడికిన పుట్టగొడుగులు వస్తాయి. ఇంకోచోట బ్రెడ్ పొడి పట్టించి వేయించిన ముక్క మీద అదే సాస్ పోసి తెస్తారు. పాత తూర్పు జర్మనీ వైపు క్యాంటీన్లలో అయితే పుట్టగొడుగుల ఊసే ఉండకపోవచ్చు. యాగ్ట్‌వుర్స్ట్ అనే సాసేజ్‌ని మందపాటి బిళ్లలుగా కోసి, పొడి పట్టించి వేయించి, టమాటా సాస్, నూడుల్స్‌తో పెడతారు. యేగర్ అంటే వేటగాడు. మూడింటికీ ఆ పేరే.

ఇంట్లో చేసుకునేటప్పుడు తేల్చుకోవాల్సింది మొదటి రెండింటి మధ్యే. సాస్ పైన పోసుకుని తినాలనుకుంటే పూత లేనిదే మేలు. కరకరలాడే పూత కావాలంటే సాస్‌ని వేరే గిన్నెలో పక్కన పెట్టుకోవాలి. పొడి పట్టించి, చక్కగా వేయించి, దాని మీద సాస్ గుమ్మరించడం మాత్రం వడియాలు వేయించి పులుసులో వేసినట్టే. నాలుగైదు నిమిషాల్లో పూత నాని, మాంసం నుంచి తొక్కలా ఊడొస్తుంది. పూత కోసం పడ్డ అరగంట శ్రమంతా అక్కడితో సరి.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పూత లేని ముక్కని వేయించినప్పుడు మాంసం రసం పెనం అడుగున గోధుమరంగు పొరలా అంటుకుంటుంది. అదే పెనంలో వైనో, ఎముకల రసమో పోసి గోకితే ఆ పొర కరిగి సాస్‌లోకి దిగుతుంది. సాస్ రుచిలో సగం అక్కడిదే. పొడి పట్టించిన ముక్కకి ఆ వీలు లేదు. రాలిన బ్రెడ్ పొడి నూనెలో నల్లగా మాడి ఉంటుంది కాబట్టి ఆ నూనెలో సాస్ చేస్తే చేదు వస్తుంది. వేరే పెనంలో చెయ్యాల్సిందే, అప్పుడు మాంసం రుచి సాస్‌కి అందదు. ఆ లోటు తీరాలంటే 10 గ్రాముల ఎండు ష్టైన్‌పిల్ట్స్ (పోర్చీని) పుట్టగొడుగుల్ని 150 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లని పల్చటి బట్టలో వడగట్టి సాస్‌లో పొయ్యాలి. వడగట్టకపోతే ఇసుక పంటికింద తగులుతుంది.

పూత లేనిది: నలుగురికి

ముక్కలు నాలుగు, ఒక్కోటి 130 నుంచి 150 గ్రాములు. మందం 7, 8 మిల్లీమీటర్లు ఉండాలి. పొడి పట్టించేదానికైతే 4, 5 మిల్లీమీటర్ల దాకా పల్చగా కొట్టవచ్చు, ఎందుకంటే పూత అడ్డుగా ఉండి మాంసంలోని తడిని కాపాడుతుంది. పూత లేనిదాన్ని అంత పల్చన చేస్తే పైన రంగు వచ్చేలోపు లోపల అట్టముక్క అయిపోతుంది. ముక్కని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, అడుగు మందంగా, చదునుగా ఉన్న చిన్న గిన్నెతో నడిమి నుంచి అంచులకి తోస్తున్నట్టు కొట్టాలి. ముళ్ల సుత్తి వద్దు. అది పోగుల్ని చీల్చేస్తుంది, రసం పెనంలోకి కారిపోతుంది. అంచున తెల్లటి పొర ఉంటే రెండు మూడు చోట్ల కత్తితో గాటు పెట్టాలి. లేకపోతే వేడి తగలగానే ఆ పొర ముడుచుకుని ముక్క దొప్పలా వంగుతుంది, నడిమి భాగం పెనానికి తగలదు.

మన ఇళ్లలో మాంసాన్ని ఉప్పు, పసుపు వేసి కడిగే అలవాటు ఉంది. దీనికి ఆ పని వద్దు. కడిగితే తడి ఆరదు, తడి ముక్క వేగదు, ఉడుకుతుంది. పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా ఒత్తి తుడిచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, మైదాలో అద్ది, బాగా దులిపి వెంటనే పెనం మీద వెయ్యాలి. జర్మనీలో టైప్ 405 పిండి అంటే దాదాపు మన మైదానే. దులపకపోతే మిగిలిన పిండి మాడి సాస్ రంగు చెడగొడుతుంది. అంటుకుని ఉన్న పల్చటి పొర మాత్రం తర్వాత సాస్‌ని చిక్కబరుస్తుంది.

28 సెంటీమీటర్ల పెనంలో రెండు చెంచాల నెయ్యి బాగా కాగాక ఒక్కసారికి రెండు ముక్కలే వెయ్యాలి. మొదటి వైపు రెండు నిమిషాలు, రెండో వైపు ఒకటిన్నర. తీసి 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాలి, లేదా మూత వెయ్యాలి. నాలుగూ ఒకేసారి పెనంలో కుక్కితే వేడి పడిపోయి నీళ్లు ఊరతాయి, రంగు రాదు. చివర్లో ముక్కల నుంచి కారిన రసాన్ని పారబొయ్యకుండా సాస్‌లోనే కలపాలి. వడ్డించే ముందు ముక్కల్ని సాస్‌లోకి జార్చి, చిన్న మంట మీద నిమిషం ఉంచితే చాలు. తెర్లిందంటే మాంసం గట్టిపడుతుంది.

మొత్తం 35 నిమిషాల పని.

పొడి పట్టించింది

దీనికి గంట పడుతుంది, నూనె కూడా చాలా కావాలి. 60 గ్రాముల మైదా, రెండు గుడ్లు, ఒక చెంచా మీగడ, 150 గ్రాముల బ్రెడ్ పొడి. జర్మనీ దుకాణాల్లో ఈ పొడి పొట్లం మీద ‘పనీర్‌మేల్’ అని ఉంటుంది. మన పనీర్‌కీ దానికీ సంబంధం లేదు, పూతకి వాడే పొడి అని అర్థం. ఇండియాలో చేసుకునేవాళ్లు తీపి లేని బ్రెడ్‌ని రెండు రోజులు ఎండబెట్టి పొడి చేసుకోవడం నయం. రస్కుల పొడి వాడితే అందులోని చక్కెర వల్ల మాంసం వేగకముందే పూత నల్లబడుతుంది. మైదాలో కారం కలపడం కూడా అంతే, మాడి ఘాటు కాస్తా చేదవుతుంది. ఘాటు కావాలంటే సాస్‌లో మిరియాలు ఎక్కువ వేసుకోండి.

గుడ్లని నురగ వచ్చేదాకా గిలక్కొట్టకూడదు, ఫోర్కుతో సొన కలిస్తే చాలు. బ్రెడ్ పొడి పట్టించేటప్పుడు చేత్తో నొక్కకూడదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: గట్టిగా నొక్కితే బాగా అంటుకుంటుందనుకుంటారు. మంచి ష్నిట్సెల్ పూత పూరీలా అక్కడక్కడా ఉబ్బి, మాంసానికి విడిగా అలలు తీరి ఉంటుంది. మాంసంలోంచి లేచిన ఆవిరి పూత కింద చేరితేనే అలా ఉబ్బుతుంది. నొక్కేస్తే ఆవిరికి చోటుండదు. పొడి పట్టించాక పది నిమిషాలు పక్కన పెట్టినా చెడుతుంది. మైదా, గుడ్డు తడి పీల్చి బంకలా మారతాయి, వేగాక పూత బరువుగా ఉంటుంది. నూనె కాగాకే పట్టించడం మొదలుపెట్టాలి.

పెనంలో సెంటీమీటరు లోతున నూనె ఉండాలి, సుమారు 350 నుంచి 400 మిల్లీలీటర్లు. వేడి 170 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే చెక్క గరిటె కాడ ముంచి చూడండి, చుట్టూ చిన్న బుడగలు చురుగ్గా లేవాలి. ముక్క వేశాక పెనాన్ని మెల్లగా ఊపుతూ వేడి నూనె పైవైపుకి కూడా పారేట్టు చూడాలి. పూత ఉబ్బేది ఈ ఊపుతోనే. ఒక్కో వైపు సుమారు రెండు నిమిషాలు. నూనె చల్లగా ఉంటే పూత దాన్ని తాగేస్తుంది. మరీ కాగితే బయట మాడి లోపల పచ్చిగా ఉంటుంది. తీశాక జల్లి మీద ఉంచాలి. పళ్లెంలో పెడితే అడుగున ఆవిరి చేరి మెత్తబడుతుంది.

ఎయిర్ ఫ్రయర్ సంగతి కూడా అడుగుతుంటారు. ముందే నేతిలో దోరగా వేయించిన పొడి పట్టించి 200 డిగ్రీల దగ్గర పెడితే రంగు, కరకర వస్తాయి గానీ ఆ ఉబ్బు రాదు. నూనె తగ్గాలనుకుంటే ఎయిర్ ఫ్రయర్ కన్నా పూత లేని పద్ధతే తేలిక.

ఏ మాంసం?

జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ వీనర్ ష్నిట్సెల్ అని ఊరికే రాస్తే అది దూడ మాంసమే అయి ఉండాలి. పందిదైతే ‘వీనర్ ఆర్ట్’ అనో, ‘ఫోమ్ ష్వైన్’ అనో స్పష్టంగా రాయాలి. మన సాస్‌కి దూడ మాంసం దండగ. అది ఖరీదెక్కువ, రుచి సున్నితం. వైను, ఉల్లి, పుట్టగొడుగుల కింద ఆ సున్నితం ఎవరికీ తెలియదు. నిమ్మచెక్క పిండుకుని తినేదానికి దాచుకోండి.

పందిలో తొడ పైభాగం, అంటే ఓబర్‌షాలె, రెండు పద్ధతులకీ కుదురుతుంది: పెద్ద ముక్కలు వస్తాయి, కొట్టినా చిరగదు. వెన్ను ముక్క చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ కొవ్వు తక్కువ, అర నిమిషం ఎక్కువైతే ఎండిపోతుంది. పంది తిననివాళ్లకి జర్మనీలో టర్కీ కోడి రొమ్ము ముక్కలు ‘పుటెన్‌ష్నిట్సెల్’ పేరుతో కోసి సిద్ధంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే బోన్‌లెస్ చికెన్ బ్రెస్ట్‌ని అడ్డంగా చీల్చి పుస్తకంలా విప్పితే సరి. కోడి, టర్కీ మాత్రం లోపలి దాకా ఉడకాలి, నడిమిలో 74 డిగ్రీలు చూసుకోండి.

నెయ్యా, నూనా?

జర్మన్ల బటర్‌ష్మాల్ట్స్ మన నెయ్యికి దగ్గరి చుట్టమే. మనలా ఎర్రబడేదాకా కాచరు కాబట్టి దాని కమ్మదనం కాస్త తక్కువ. పూత లేనిదానికి రెండు చెంచాలే కాబట్టి పూర్తిగా నేతిలోనే వేయించండి. పొడి పట్టించినదానికి అంత నెయ్యి పొయ్యడం జేబుకి బరువు. పొద్దుతిరుగుడు నూనెలో మూడు చెంచాల నెయ్యి కలిపితే రుచికి రుచి, ఖర్చుకి ఖర్చు. మామూలు వెన్న వద్దు, అందులోని పాల ముద్దలు ముక్క వేగేలోపే మాడతాయి.

ఇక సాస్

పుట్టగొడుగులు 400 గ్రాములు. తెల్ల షాంపిన్యాన్ (బటన్ మష్రూమ్) కన్నా గోధుమరంగుది రుచి గాఢం, నీరు కొంచెం తక్కువ. వేసవి నడుమ నుంచి శరదృతువు దాకా జర్మనీ సంతల్లో ఫిఫర్లింగె అనే పసుపుపచ్చని పుట్టగొడుగు వస్తుంది. దొరికిన రోజుల్లో 250 గ్రాములు చాలు, మీగడ కూడా తగ్గించండి, దాని వాసన ముంచెయ్యకూడదు. ఇండియాలో దొరికే బటన్ మష్రూమ్‌తో ఏ ఇబ్బందీ లేదు.

అయిదు మిల్లీమీటర్ల మందాన కోసి, వెడల్పాటి పెనంలో పెద్ద మంట మీద, ఉప్పు వెయ్యకుండా, రెండు విడతలుగా వేయించాలి. పుట్టగొడుగుల్లో 90 శాతానికి పైగా నీరే. ముందే ఉప్పు వేసినా, అంతా ఒకేసారి పోసినా ఆ నీరంతా ఒక్కసారిగా బయటపడి, బూడిదరంగు కూరలా తయారవుతుంది. ఆరేడు నిమిషాలకి నీరు ఇగిరి అంచులు ఎర్రబడతాయి. అప్పుడు సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, రెండు నిమిషాల తర్వాత 100 మిల్లీలీటర్ల పులుపు వైట్ వైన్. అది సగానికి ఇగరాలి. ఇగరకముందే మీగడ పోస్తే పచ్చి వైన్ వాసన చివరిదాకా పోదు. వైన్ వాడనివాళ్లు ఆ కొలతకి చికెన్ రసం పోసి, దించాక చెంచా నిమ్మరసం కలపవచ్చు. ఆపైన 150 మిల్లీలీటర్ల ఎముకల రసం, అరచెంచా ఆవముద్ద, కాస్త థైమ్. అది కూడా సగమయ్యాక మీగడ.

ఏ మీగడ అన్నదే ఇక్కడ అసలు ఎంపిక. జర్మనీలో ష్లాగ్‌జానె, అంటే గిలక్కొట్టే మీగడలో, కొవ్వు కనీసం 30 శాతం. 200 మిల్లీలీటర్లు పోసి మూడు నాలుగు నిమిషాలు మరిగిస్తే, పిండి అవసరం లేకుండానే చెంచా వెనక అంటుకునేంత చిక్కబడుతుంది. విరగదు. కోఖ్‌జానె, అంటే వంట మీగడ, 15 శాతమే. చిక్కబరిచే పదార్థాలు కలిపి ఉంటాయి కాబట్టి విరగదు, నోట్లో మాత్రం పల్చటి గంజిలా తోస్తుంది. క్రెమ్ ఫ్రేష్ అనే చిక్కటి మీగడ మరిగినా తట్టుకుంటుంది, పులుపు కూడా ఇస్తుంది. వైన్ లేకుండా చేసేవాళ్లకి ఇదే మంచిది. ష్మాంట్ కూడా ఒక పుల్ల మీగడే, దాన్ని మంట ఆపాకే కలపాలి. 10 శాతం కొవ్వుండే పుల్ల మీగడ, జౌరె జానె, మరిగే సాస్‌లో వేస్తే పాలవిరుగుడులా ముక్కలవుతుంది. పెరుగు కూడా అంతే. ఇండియాలో దొరికే 25 శాతం టెట్రాప్యాక్ క్రీమ్‌ని చివర్లో, చిన్న మంట మీద కలిపి, ఒక్క ఉడుకు రాగానే దించాలి. చిక్కదనం చాలకపోతే చెంచా మైదాని చెంచా వెన్నతో పిసికి ముద్ద చేసి కలపండి, ఉండలు కట్టదు.

ఉప్పు అన్నిటికన్నా ఆఖరున. రసం ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది.

శాకాహారులకి మాత్రం పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది, పొడి పట్టించిందే మేలు. జర్మన్లు సెలరీ గడ్డని సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోసి, నిమ్మరసం కలిపిన ఉప్పునీళ్లలో ఆరేడు నిమిషాలు ఉడికించి, పూర్తిగా ఆరబెట్టి, ష్నిట్సెల్‌లాగే పూత వేసి వేయిస్తారు. గుడ్డు తిననివాళ్లు జారుగా కలిపిన మైదా పిండిలో ముంచవచ్చు. పూత లేకుండా వేయిస్తే అది మెత్తటి గడ్డముక్కే, సాస్‌లో తేడా తెలియదు. సాస్‌లో ఎముకల రసం బదులు ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు పోసి, దాన్ని పక్కనే ఉంచండి.

మిగిలితే? పూత లేని ముక్కలు సాస్‌లోనే ఉండి మర్నాడు సన్నని సెగ మీద వేడెక్కుతాయి, ష్పెట్స్లె నూడుల్స్‌తోనో అన్నంతోనో తినవచ్చు. పొడి పట్టించిన వాటిని 180 డిగ్రీల ఓవెన్‌లో జల్లి మీద ఎనిమిది నిమిషాలు ఉంచాలి. లేదంటే చల్లగానే, కాస్త ఆవముద్ద రాసిన బన్ను మధ్య పెట్టుకుని తినెయ్యడం. జర్మనీ మాంసం దుకాణాల్లో మధ్యాహ్నంపూట దాన్ని అలాగే అమ్ముతారు.